గుమ్మం దగ్గరి దఫ్తరు

వెబ్‌సైట్‌కు ఎవరు వచ్చారు, ఏ దారిన వచ్చారు, ఏ పేజీ దగ్గర ఆగారు, ఏమీ కొనకుండా ఎక్కడ వెనుదిరిగారు అని లెక్కగట్టే విద్య పేరు వెబ్ అనలిటిక్స్. ఈ విద్యను చిన్నాపెద్దా వ్యాపారులందరికీ ఉచితంగా అందించిన గూగుల్ అనలిటిక్స్ 2005 నవంబరులో మొదలైంది. 2025 నవంబరుతో దానికి ఇరవై ఏళ్లు నిండాయి. శంషాబాద్ విమానాశ్రయం దానికంటే రెండేళ్ల పైచిలుకు చిన్నది. 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు అక్కడికి మారాయి, హైదరాబాద్ గుమ్మమూ వాటితోపాటే మారింది. ఇప్పుడు ఊళ్లోకి వచ్చే మనిషి ముందు ఏదో ఒక వెబ్ పేజీ తెరిచి, టికెట్టో గదో క్యాబో మాట్లాడుకుని, ఆ తర్వాత శంషాబాద్‌లో దిగుతున్నాడు. రెండు గుమ్మాల దగ్గరా అతని రాక నమోదవుతూనే ఉంది. తెలుగు నేలకు ఈ నమోదు కొత్తేమీ కాదు.

కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం సముద్రం మీద వచ్చే వర్తకులకు ధైర్యం చెబుతుంది. గంధానికి ఇంత, కర్పూరానికి ఇంత, ముత్యాలకు ఇంత అని సుంకాలు వివరంగా చెక్కించారు. వచ్చిన వర్తకులు ఎందరో, ఏ దేశం వారో లెక్క మాత్రం అందులో లేదు. రాజుకు కావలసింది సరుకు వివరం, అది రాతి మీద నిలిచింది. ఆ తర్వాతి నాలుగు వందల ఏళ్లను ఒక్క అంగలో దాటేయవచ్చు. ఎందుకంటే గుమ్మం దగ్గర ఏం జరిగేదో కళ్లకు కట్టేలా రాసిపెట్టిన మనిషి పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చాడు.

ఆయన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టావెర్నియర్. వజ్రాల కోసం గోల్కొండ రాజ్యానికి ఒకసారి కాదు, పలుసార్లు వచ్చాడు. 1676లో పారిస్‌లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో భాగ్యనగరాన్ని తీరిగ్గా వర్ణించాడు. మూసీ మీది వంతెన, అంటే నేటి పురానాపూల్, పారిస్‌లోని పోన్ నఫ్ వంతెనకు అందంలో పెద్దగా తీసిపోదన్నాడు. వంతెనకు ఇవతల పొడవాటి పేట. వర్తకులు, దళారులు, చేతిపనివారు ఉండేది అందులోనే. వంతెన అవతల నగరం పెద్దమనుషులకూ ఉద్యోగులకూ. పేటలోని వ్యాపారులు పొద్దున పది, పదకొండు వేళకు నగరంలోకి వెళ్లి పరదేశి వర్తకులతో బేరాలాడి, సాయంత్రం నాలుగైదింటికల్లా ఇళ్లకు తిరిగొచ్చేవారట. ఎవరు ఏ వేళకు వస్తారు, ఎంతసేపు ఉంటారు, దేనికోసం వస్తారు అన్నవన్నీ ఒక పేరాలో చెప్పేశాడు. నేటి అనలిటిక్స్ నివేదికలో మొదటి పేజీ ఇంతకంటే ఎక్కువేమీ చెప్పదు.

అసలు ముచ్చట ద్వారం దగ్గరిది. కొత్తవాడు కనబడగానే కాపలావాళ్లు ఒళ్లంతా, మూటలన్నీ వెతికేవారు. కత్తుల కోసమో వజ్రాల కోసమో కాదు, ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని! రాజుగారి రాబడిలో పెద్ద భాగం ఆ రెండింటిదే. సోదా అయ్యాక అనుమతి ఘట్టం. సిపాయి కాపలా అధికారికి చెప్పాలి, ఆయన ఊరి అధికారి అయిన దరోగాకు కబురంపాలి. దరోగా ఒక్కోసారి పనిలో ఉంటాడు, ఒక్కోసారి ఊరి బయట వ్యాయామంలో ఉంటాడు. ఇంకోసారి, కబురు తీసుకెళ్లిన సిపాయే ‘దొరగారు దొరకలేదు’ అంటూ వెనక్కి వస్తాడు. మళ్లీ వెళ్లాలంటే మళ్లీ చేయి తడపాలి గదా! ఈలోగా కొత్తవాడు ఒకటి రెండు రోజులు ద్వారం బయటే పడిగాపులు కాయాలి. పని చేయకుండానే చేసినట్టు చెప్పి డబ్బు గుంజే ఆ సిపాయి వారసులు నేటి వెబ్‌లోనూ ఉన్నారు. మనిషి రాకున్నా వచ్చినట్టు క్లిక్కులు పుట్టించి ప్రకటనదారు దగ్గర సొమ్ము చేసుకునే బాట్ ప్రోగ్రాములే ఆ వారసులు.

టావెర్నియర్ మరో సంగతి చెప్పాడు. దరోగా దఫ్తరులో, అంటే పేర్ల చిట్టాలో, ఇరవై వేలకు పైగా వేశ్యల పేర్లు ఉండేవట. ఆ అంకె ఎంత నిజమో గాని, కారణం మాత్రం ఆలోచించదగ్గది. ఆ స్త్రీల నుంచి ప్రభుత్వం పైసా పన్ను తీసుకోదు. వాళ్లున్న చోట కల్లు బాగా అమ్ముడుపోతుంది, కల్లు మీది రాబడి ఖజానాకు చేరుతుంది. దఫ్తరులో చేరడం ఉచితమే, రాబడి మాత్రం వేరే దారిన వస్తోంది. దఫ్తరు ఎవరిదైతే వారికి రాబడి వచ్చేదే అందులోకి ఎక్కుతుంది.

తర్వాతి రెండున్నర శతాబ్దాలు మళ్లీ సరుకు లెక్కలే. నిజాం రాజ్యపు కరోడ్‌గిరి (సుంకాల శాఖ) నాకాల దగ్గర బండి ఆగేది సుంకం కోసం. 1881లో హైదరాబాద్ రాజ్యంలో తొలి జనగణన జరిగింది, అదీ ఉన్నవారి లెక్కేగాని వచ్చిపోయేవారిది కాదు. 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ వచ్చింది, 1953లో జాతీయమైంది. విమానాలతోపాటు ప్రయాణికుల జాబితా వచ్చింది కాబట్టి, సందర్శకుడు పేరుతో సహా కాగితం మీదికి ఎక్కింది అప్పుడే అనుకోవచ్చు.

వెబ్ వచ్చాక దఫ్తరు తనంతట తానే రాసుకోవడం మొదలుపెట్టింది. పేజీ అడిగిన ప్రతిసారీ సర్వర్ తన లాగ్‌లో ఒక పంక్తి రాస్తుంది. ఏ ఐపీ చిరునామా, ఏ సమయం, ఏ పేజీ, ఏ బ్రౌజర్ అన్నవి అందులో ఉంటాయి. 1990ల వెబ్‌సైట్లు ‘మాకు లక్ష హిట్లు’ అని చెప్పుకున్న గొప్పలు ఆ పంక్తుల లెక్కే. పేజీలో పది బొమ్మలుంటే ఒక్క మనిషి రాక పదకొండు హిట్లయ్యేది. ఐపీ చిరునామాను బట్టి మనుషుల్ని లెక్కిద్దామంటే ఇంకో చిక్కు. ఒకే వైఫై మీద విమానాశ్రయం హాల్లో కూర్చున్న వందలమంది బయటి సర్వర్‌కు ఒకే చిరునామాగా కనబడవచ్చు.

1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మోంటుల్లి కనిపెట్టిన కుకీ ఈ చిక్కును కొంత విప్పింది. బ్రౌజర్‌లో చిన్న గుర్తు ఉంచి, మళ్లీ వచ్చినప్పుడు పోల్చుకోవడం దాని పని. శాన్ డియేగోలోని అర్చిన్ అనే చిన్న సంస్థ లాగ్‌లను వేగంగా చదివే సాఫ్ట్‌వేర్‌తో పేరు తెచ్చుకుంది. గూగుల్ హైదరాబాద్‌లో ఆఫీసు తెరిచిన మరుసటి ఏడాదే, 2005లో, ఆ సంస్థను కొనేసింది. అదే ఏడాది నవంబరులో ఉచితంగా ఇస్తామనగానే జనం ఎగబడ్డారు. వారం తిరగకుండా కొత్తవారిని చేర్చుకోవడం ఆపేయాల్సి వచ్చింది. అందరికీ తలుపు తెరిచింది 2006 ఆగస్టులో. విమాన టికెట్ల ప్రకటన లింకుల చివర నేటికీ కనిపించే ‘యూటీఎం’ అనే తోకలో మొదటి అక్షరం ఆ అర్చిన్‌దే. ఉచితం ఎందుకంటే, సందర్శకుల లెక్క తెలిసిన వ్యాపారి ప్రకటనలకు ఎక్కువ ఖర్చు చేస్తాడు. కల్లు రాబడి సూత్రం టావెర్నియర్‌ను చదివినవారికి కొత్త కాదు.

ఇక్కడి నుంచి కథ నేరుగా నడవదు. శంషాబాద్ రోడ్డు మీది ఒక హోటల్ వెబ్‌సైట్‌నే ఉదాహరణగా తీసుకోవచ్చు. ప్రయాణికుడు ఫోన్‌లో గది రేటు చూస్తాడు, సెక్యూరిటీ చెక్ వరుసలో నలభై నిమిషాలు గడిపి మళ్లీ చూస్తాడు. ముప్పై నిమిషాలు కదలిక లేకపోతే పాత సందర్శన ముగిసినట్టు లెక్క కాబట్టి, ఒక్క మనిషి రెండు సందర్శనలయ్యాడు. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్‌లో చూస్తే, లాగిన్ లేనప్పుడు, ఇద్దరు మనుషులవుతాడు. బంధువులు వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి వస్తే చాలాసార్లు ‘నేరుగా వచ్చాడు’ అని నమోదవుతుంది. చివరికి వెబ్‌సైట్‌లోని నంబరు చూసి ఫోన్ చేసి గది తీసుకుంటే, లెక్కల్లో అతను ఏమీ కొనకుండా పోయినవాడే. అందుకే ఫోన్ బటన్ నొక్కడాన్నీ ఒక ఘటనగా నమోదు చేయించుకోవాలి, పంచే లింకులకు యూటీఎం తగిలించాలి. మొత్తం ఎందరు వచ్చారన్నదానికంటే, రేటు పేజీ చూసినవారిలో ఎందరు బుకింగ్ పేజీ దాకా వెళ్లారన్నదే పనికొచ్చే అంకె.

గూగుల్ తన అనలిటిక్స్ పాత పద్ధతిని 2023 జూలై 1న ఆపేసింది, మరుసటి ఏడాది పాత లెక్కల్నీ తుడిచేసింది. ఏళ్ల తరబడి అంకెలు కూడబెట్టుకున్న వ్యాపారులు ఆ దఫ్తరు తమది కాదని అప్పుడు తెలుసుకున్నారు. విమానాశ్రయం గుమ్మం ఇంకో దారి పట్టింది. చేతి సంచి ట్యాగ్ మీద ముద్ర వేసే పద్ధతి 2017 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో పోయింది, 2019లో ముఖం గుర్తించే యంత్రాల్ని పరీక్షించారు, 2023లో డిజియాత్ర వచ్చింది. వెబ్‌సైట్ మనిషి పేరు తెలియకుండా అతను చేసే పనులన్నీ రాసుకుంటుంది, విమానాశ్రయం ముఖం చూసి లోపలికి పంపుతుంది. విమానం బయల్దేరిన 24 గంటల్లో ఆ సమాచారాన్ని విమానాశ్రయం దగ్గర చెరిపేస్తారన్నది డిజియాత్ర హామీ.

ఈ దఫ్తర్లకు హద్దులు గీసే డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి అడగడం, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల ఆన్‌లైన్ నడవడిని వెంటాడకపోవడం వంటి ప్రధాన బాధ్యతలకు సంస్థలకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. ఆ గడువు 2027 మేలో ముగుస్తుంది.