గడువు దాటిన దరఖాస్తు

తేంగాయితిట్టు అనే పేరు తెలుగు చెవికి కాస్త విచిత్రంగా వినిపిస్తుంది. తమిళంలో తేంగాయి అంటే కొబ్బరికాయ, తిట్టు అంటే మెరక దిబ్బ. అంతకు మించి అందులో కోపమేమీ లేదు. అరియాంకుప్పం ఏరు సముద్రంలో కలిసే చోటికి చేరువలో, పుదుచ్చేరి పట్టణపు దక్షిణపు అంచున ఉన్న ఈ పేటలో నేడు చేపల రేవు, మడ చెట్లు కనిపిస్తాయి. ఇక్కడికి ఉత్తరాన, పాత పట్టణపు సముద్రతీరంలో ఫ్రెంచి కాన్సులేటు ఉంది. ఆ కొద్దిపాటి దూరాన్ని ఒక్క కాగితంతో దాటి పారిస్ చేరిన కుటుంబాలూ, తరాలు గడిచినా దాటలేకపోయిన కుటుంబాలూ పుదుచ్చేరిలో పక్కపక్క ఇళ్లలోనే నివసిస్తున్నాయి.

విదేశీ ఉపాధి కోసం పెట్టుకున్న దరఖాస్తు తిరస్కరణకు గురైతే, మన యువకులు ముందుగా తమ అర్హతలోనే లోపం వెతుక్కుంటారు. ఇంకో పరీక్ష, ఇంకో డిగ్రీ, ఇంకో ఏడాది అనుభవం సంపాదించి మళ్లీ దరఖాస్తు చేయాలనుకుంటారు. కొన్నిసార్లు అది అవసరమే. అయితే వలసల చరిత్రలో వేల మందిని ఒక్కసారిగా బయట నిలబెట్టిన తిరస్కరణలను పరిశీలిస్తే, అక్కడ మారింది మనిషి అర్హత కాదు. మారినది నిబంధన, లేదా దాటిపోయినది తేదీ.

ఈ సంగతిని పుదుచ్చేరి అందరికన్నా ముందే చవిచూసింది. 1873లో పొన్నుతంబి పిళ్లె అనే న్యాయవాది బూట్లు తొడుక్కుని కోర్టులోకి అడుగుపెట్టగా న్యాయమూర్తి అభ్యంతరం చెప్పాడు. దేశీయ దుస్తులు ధరించినవాడు పాదరక్షలు విడిచి రావాలన్నది అప్పటి ఆనవాయితీ. పిళ్లె పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్లి గెలిచాడు. 1881 సెప్టెంబరు 21 నాటి డిక్రీ మరో దారి తెరిచింది: తమ కుల మత ఆచారాలకు సంబంధించిన వ్యక్తిగత చట్టాన్ని వదులుకున్నవారు ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వచ్చి, కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. పిళ్లె ఎంచుకున్న ఇంటిపేరు లాపోర్ట్. ఫ్రెంచిలో ఆ మాటకు తలుపు అని అర్థం. ఆ తలుపు గుండా సైగాన్ వెళ్లినవారు గుమాస్తాలుగా, పోలీసులుగా, జైలు కాపలాదారులుగా వలస ప్రభుత్వ కొలువుల్లో కుదురుకున్నారు. యూరోపియన్లతో సమాన హోదా మాత్రం డిక్రీతో పాటు రాలేదు. దానికోసం వారు కాదన్న ప్రతిసారీ మళ్లీ అర్జీ పెట్టుకోవలసి వచ్చింది.

తరువాతి తేదీలు మరింత నిర్దాక్షిణ్యమైనవి. తెలుగు గడ్డ యానాం 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. ఆ ఏడాది అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది భారత్‌లో విలీనానికి ఓటు వేశారు; నవంబరు 1న పరిపాలన చేతులు మారింది. విలీన ఒడంబడికపై 1956 మే 28న సంతకాలు జరిగినా, పారిస్ ఆమోద ముద్ర పడి అది అమలులోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16 అయింది. ఆ రోజు నుంచి ఆరు నెలలు గడువు. పూర్వపు ఫ్రెంచి స్థావరాలలో పుట్టి, అక్కడే నివసిస్తున్న ఫ్రెంచి జాతీయులు ఆ లోపు లిఖితపూర్వకంగా కోరితే ఫ్రెంచివారుగా మిగులుతారు, కోరకపోతే భారతీయులవుతారు. మౌనాన్ని కూడా ఎంపికగానే లెక్కించారు. కోరినవారు దాదాపు 5 వేల మంది.

ఇందులో ఒక వింత ఉంది. ఆ నిబంధన స్థావరాలలో పుట్టినవారికే వర్తిస్తుంది. ఫ్రెంచి పౌరుల బిడ్డ పుట్టింది పుదుచ్చేరి ఆసుపత్రిలో కాక పొరుగున ఉన్న కడలూరులోనో, మద్రాసులోనో, సైగాన్‌లోనో అయితే, ఏ కాగితమూ రాయకుండానే ఆ బిడ్డ ఫ్రెంచి జాతీయత నిలిచిపోయింది. అన్న పుట్టిన ఊరు ఒకటి, తమ్ముడు పుట్టిన ఊరు మరొకటి అయిన ఇంట్లో ఇద్దరికీ రెండు దేశాలు రాగల ఏర్పాటు ఇది. ఢిల్లీ, పారిస్ ప్రభుత్వాలు రెండూ అంగీకరించి రాసుకున్న ఒడంబడికలో సామాన్యుడి పురిటి మంచం ఎక్కడుందన్నది ఇంత నిర్ణాయకం కావడాన్ని రాజనీతి అనడం కష్టం.

ఆరు నెలలు దాటిపోయాక మిగిలింది కోర్టు దారి. తల్లిదండ్రులలో ఒకరు ఫ్రెంచివారేనని నిరూపిస్తూ జాతీయతా ధ్రువపత్రం కోరడం, కాదంటే అప్పీలుకు వెళ్లడం. నిరూపించే భారం దరఖాస్తుదారు మీదే ఉంటుంది. దానికి తోడు ఫ్రెంచి పౌరస్మృతిలో యాభై ఏళ్ల నియమం ఒకటుంది: కుటుంబం అర్ధశతాబ్దం పాటు విదేశంలోనే ఉండి, ఆ కాలంలో ఫ్రెంచివారిగా గుర్తింపు పొందిన దాఖలా లేకపోతే, వంశక్రమాన్ని నిరూపించుకునే అవకాశమే మూసుకుపోతుంది. 1962 నుంచి లెక్కిస్తే అది 2012 ఆగస్టుతో ముగిసింది. తాత పేర పాత పాస్‌పోర్టో, కాన్సులేటు నమోదో పెట్టెలో దాచినవారిది ఒక దారి. అవి చెదలపాలైన వారి మనవలకు మిగిలేది చదువు, నైపుణ్యం చూపించి అందరితో పాటు వీసా వరుసలో నిలబడే దారి.

ఆ వరుసలోనూ నిబంధన స్థిరంగా నిలవదు. బ్రిటన్ 2002లో ప్రారంభించిన అత్యున్నత నైపుణ్య వలసదారుల పథకం డిగ్రీకి, సంపాదనకు, పని అనుభవానికి పాయింట్లు ఇచ్చింది. బ్రిటన్‌నే ప్రధాన నివాసం చేసుకోవాలని కూడా కోరింది. 2006 నవంబరులో నిబంధనలు మార్చి, పని అనుభవానికి ఇచ్చే పాయింట్లను తీసివేసింది. నైపుణ్యం పేరిట నడిచే పథకంలో అనుభవానికి విలువ లేకపోవడం ఒక ఎత్తు. అప్పటికే వచ్చి స్థిరపడినవారి పొడిగింపు దరఖాస్తులకు కూడా కొత్త కొలతే వేయడం మరో ఎత్తు. వలసదారులు ఫోరంగా ఏర్పడి కోర్టుకెక్కారు. 2008 ఏప్రిల్ 8న హైకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. పథకంలో చేరిన నాటి హామీని ప్రభుత్వం నిలుపుకోవాలన్నది. తిరస్కృతులు పాత నిబంధనల కింద పునఃపరిశీలన కోరే వీలు అప్పుడు కలిగింది. అదే నెల 30న భారత సంతతి వైద్యుల సంఘం వేసిన కేసులో, ఈ పథకం కింద వచ్చిన విదేశీ వైద్యులను శిక్షణ కొలువుల్లో వెనక్కు నెట్టిన ఆరోగ్య శాఖ మార్గదర్శకాన్ని హౌస్ ఆఫ్ లార్డ్స్ చెల్లదన్నది. మళ్లీ దరఖాస్తు చేయడం ఇక్కడ ఒంటరి పని కాలేదు. ముందు సంఘం, తరువాత కోర్టు, ఆ తరువాతే దరఖాస్తు.

కెనడాలో ఆ వరుస పనిచేయలేదు. పుదుచ్చేరిలో యాభై ఏళ్ల లెక్క ముగిసిన 2012లోనే, 2008 ఫిబ్రవరి 27కు ముందు చేరి తేలకుండా పోగుపడిన నైపుణ్య కార్మిక దరఖాస్తులను రద్దు చేస్తున్నట్టు అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 2,80,000 మందికి సంబంధించిన ఫైళ్లవి. రుసుము తిరిగి ఇస్తామనీ, కావాలంటే కొత్తగా దరఖాస్తు చేసుకోవచ్చనీ చెప్పింది. వాటిపై వేసిన కేసులను 2013లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. ఆ ఏడాది మేలో మొదలైన కొత్త పట్టికలో వయసుకు గరిష్ఠంగా 12 పాయింట్లు. 35 దాటాక ఏడాదికొకటి తగ్గి 47 నిండేసరికి సున్నా. పాత పట్టికలో 21 నుంచి 49 ఏళ్ల వరకు అందరికీ పదే. 2007లో 35 ఏళ్ల వయసున దరఖాస్తు పెట్టి, ఆరేళ్లు ఎదురుచూసి మళ్లీ మొదటి నుంచి నింపిన మనిషికి ఈసారి వయసు కింద దక్కేది ఆరు.