గోదావరి మూడు తరాలు

తాత పేరు మనవడికి పెట్టుకోవడం మనకు కొత్తేం కాదు. ముసలాయన పోయినా ఆ పేరు ఇంట్లో వినపడుతూ ఉండాలని మన ఆశ. ఓడల విషయంలో ఇంగ్లీషువాళ్ళదీ ఇదే ఆచారమంటే నమ్ముతారా? 'ఆర్క్ రాయల్' అనే పేరుతో వాళ్ళ నౌకాదళంలో అయిదు ఓడలు పుట్టాయి. మొదటిది 1588లో స్పెయిన్ దండును ఎదుర్కొంది. అయిదోది 2011లో కొలువు చాలించింది. మధ్యలో ఒక తమాషా జరిగింది. కొత్త ఓడకు ఆ పేరు కావలసివచ్చి, 1934లో ఇంకా నిక్షేపంలా ఉన్న రెండో ఆర్క్ రాయల్ పేరు 'పెగాసస్' అని మార్చేశారు. మనవడి బారసాలకని తాత పేరు లాక్కున్నట్టు!

వాళ్ళ గొడవ మనకెందుకంటారా? మనకూ ఒక కథ ఉంది. బోగోలు అనగానే చాలామందికి బిట్రగుంట రైలు స్టేషనే గుర్తొస్తుంది గానీ, అక్కడినుంచి తూర్పుకి వెళితే జువ్వలదిన్నె, ఆపైన బంగాళాఖాతం. అదే సముద్రంలో, మరికాస్త ఎగువన, గోదావరి వచ్చి కలుస్తుంది. ఆ నది పేరు మూడు యుద్ధనౌకలు మోశాయి.

మొదటి 'గోదావరి' ఇంగ్లండులో తయారై 1943లో కొలువులో చేరింది. స్లూప్ అనే తరహా కాపలా ఓడ. పేరు మనదే, ఓడ మాత్రం రాజుగారిది. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దీవుల దగ్గర, 'ఫిండ్‌హార్న్' అనే బ్రిటిష్ ఓడతో కలిసి యు-198 అనే జర్మన్ జలాంతర్గామిని ముంచింది. అందులోని 66 మందీ పోయారు. తర్వాత దేశవిభజన వచ్చింది. అన్నదమ్ముల పంపకాల్లో బిందెలూ గంగాళాలూ పంచుకున్నట్టు రెండు దేశాలూ ఓడలు పంచుకున్నాయి. గోదావరి పాకిస్తాన్ వాటాకి పోయి 'సింధ్' అయింది. ఓడ వెళ్ళిపోయింది, పేరు మనకి మిగిలింది.

ఆ పేరు 1953లో మరో ఓడకు పెట్టారు. ఇది బ్రిటన్ దగ్గర తీసుకున్న పాత డిస్ట్రాయర్. అసలు పేరు 'బెడేల్'. అక్కడి నక్కల వేటగాళ్ళ బృందం పేరది! యుద్ధకాలంలో పోలండు నావికులు దాన్ని నడిపారు. 1942లో ఫ్రాన్సు తీరాన డియెప్ దాడిలోనూ పాల్గొంది. అన్ని దేశాల నీళ్ళు తాగి మన దగ్గరకొచ్చిన ఆ ఓడ, 1976లో మాల్దీవుల దగ్గర నేల తట్టి కూరుకుపోయింది. దాంతో దాని పని సరి.

మూడోది మాత్రం అచ్చంగా మనింటి బిడ్డ. నక్షా మనవాళ్ళదే, కట్టిందీ మనవాళ్ళే. బొంబాయి మజగాన్ డాక్‌లో తయారై 1983 డిసెంబరు 10న నౌకాదళంలో చేరింది. ఆయుధాల్లో కొన్ని రష్యావి, కొన్ని పడమటి దేశాలవి, కొన్ని మనవి. వాటన్నిటినీ ఒక్క ఓడలో పొందిక చేయడమే మనవాళ్ళు నేర్చిన విద్య. 1988 నవంబరులో మాల్దీవుల్లో తిరుగుబాటు చేసిన కిరాయి సైనికులు బందీలను పట్టుకుని ఓడలో పారిపోతుంటే, వెంటాడి లొంగదీసుకున్న నౌకల్లో ఈ గోదావరి ఒకటి. చూశారా చిత్రం! పెద్ద గోదావరి చిక్కుకుపోయిన దీవుల దగ్గరికే చిన్న గోదావరి ఇతరుల్ని విడిపించడానికి వెళ్ళింది.

2015 డిసెంబరు 23న, 32 ఏళ్ళ చాకిరీ తర్వాత ఈ ఓడా సెలవు తీసుకుంది.

ఒకే పేరు గదా అని మూడింటినీ ఒక గాటన కట్టకూడదు. మొదటి రెండుసార్లూ ఎవరో కట్టిన ఓడకి మన పేరు అతికించాం. మూడోసారి, ముందు ఓడ కట్టుకుని తర్వాత పేరు పెట్టుకున్నాం. ఆ రెంటికీ మధ్య పట్టిన కాలం నలభై ఏళ్ళు. పేరు పెట్టడానికి ఒక్క పూట చాలు. ఆ పేరుకి తగ్గ ఇల్లు కట్టుకోవడానికే అంత కాలం పట్టింది.