రియో ఫెర్డినాండ్ బదిలీ (2002)

రియో ఫెర్డినాండ్ బదిలీ అనగా ఇంగ్లాండు ఫుట్‌బాల్ రక్షక ఆటగాడు (డిఫెండర్) రియో ఫెర్డినాండ్ 2002 జూలై 22న లీడ్స్ యునైటెడ్ క్లబ్బు నుండి మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుకు మారిన ఘటన. ఇందుకు మాంచెస్టర్ యునైటెడ్ సుమారు 3 కోట్ల పౌండ్ల బదిలీ రుసుము చెల్లించడానికి అంగీకరించింది. దీనితో ఫెర్డినాండ్ ప్రపంచంలో అత్యంత ఖరీదైన రక్షక ఆటగాడిగా, బ్రిటిషు ఆటగాళ్ళందరిలోనూ అత్యంత ఖరీదైనవాడిగా గుర్తింపు పొందాడు. గోల్సు చేయని ఆటగాడికి ఇంత మొత్తం ఇవ్వవచ్చునా, అప్పులలో ఉన్న క్లబ్బు తన సారథిని చిరకాల ప్రత్యర్థికి అమ్మవచ్చునా అనే ప్రశ్నలపై రెండు క్లబ్బుల అభిమానుల మధ్య చాలా కాలం వాదోపవాదాలు నడిచాయి. లీడ్స్ యునైటెడ్ పతనానికి ఈ బదిలీని తొలి సూచికగా చాలామంది పేర్కొంటారు.

బదిలీ రుసుము అంటే ఏమిటి

ఫుట్‌బాల్‌లో ఆటగాడు ఒక క్లబ్బుతో కొన్ని సంవత్సరాలకు ఒప్పందం చేసుకుంటాడు. ఆ గడువు ముగియకముందే వేరొక క్లబ్బు అతడిని తీసుకోదలిస్తే, ఒప్పందాన్ని వదులుకున్నందుకు పాత క్లబ్బుకు ఇచ్చే పరిహారమే బదిలీ రుసుము. ఈ సొమ్ము ఆటగాడికి చెందదు. అతడి జీతభత్యాలు వేరుగా నిర్ణయిస్తారు. 1995లో ఐరోపా న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పు తరువాత, ఒప్పందం ముగిసిన ఆటగాడు ఐరోపా సమాఖ్య దేశాలలో రుసుము లేకుండానే క్లబ్బు మారే వీలు కలిగింది. అందువలన క్లబ్బులు మంచి ఆటగాళ్ళతో దీర్ఘకాల ఒప్పందాలు చేసుకోవడం, గడువు మిగిలి ఉండగానే అమ్మడం ఎక్కువైంది.

రుసుము పరిమాణం ఆటగాడి వయస్సు, ప్రతిభ, ఒప్పందంలో మిగిలిన కాలం, కొనే క్లబ్బు అవసరం, అమ్మే క్లబ్బు ఆర్థిక స్థితి మీద ఆధారపడి ఉంటుంది. కొన్న క్లబ్బు తన లెక్కలలో ఈ మొత్తాన్ని ఒకే ఏడాది ఖర్చుగా చూపదు. ఒప్పంద కాలానికి సమానంగా పంచి చూపుతుంది. ఉదాహరణకు 3 కోట్ల పౌండ్ల రుసుమును ఐదేళ్ళ ఒప్పందానికి పంచితే ఏడాదికి 60 లక్షల పౌండ్లు అవుతుంది.

నేపథ్యము

రియో ఫెర్డినాండ్ 1978 నవంబరు 7న లండన్ నగరంలో జన్మించాడు. వెస్ట్ హామ్ యునైటెడ్ క్లబ్బులో శిక్షణ పొంది 1996లో ఆ జట్టు తరఫున తొలి ఆట ఆడాడు. బంతిని దూరంగా తన్ని వేయడమే రక్షకుల పని అని ఇంగ్లాండులో భావించే రోజులలో, బంతిని అదుపులో ఉంచుకొని నిదానంగా ముందుకు నడిపించే ఆటగాడిగా ఇతడు పేరు తెచ్చుకున్నాడు. 2000 నవంబరులో లీడ్స్ యునైటెడ్ ఇతడిని 1.8 కోట్ల పౌండ్లకు కొన్నది. అప్పటికి అది బ్రిటిషు క్లబ్బుల మధ్య కొత్త రికార్డు. రక్షక ఆటగాళ్ళ వరకు ప్రపంచ రికార్డు కూడా అదే. 2001లో ఫ్రాన్సు ఆటగాడు లిలియన్ తురామ్ ఇటలీలోని పార్మా నుండి యువెంటస్‌కు మారినప్పుడు ఆ రికార్డు చెరిగిపోయింది.

అప్పటి లీడ్స్ యునైటెడ్ ఛైర్మన్ పీటర్ రిడ్స్‌డేల్, మేనేజరు డేవిడ్ ఓలియరీ. వీరి కాలంలో క్లబ్బు యువ ఆటగాళ్ళతో బలమైన జట్టును నిర్మించింది. 2000-01లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనలుకు చేరి స్పెయిన్‌లోని వలెన్సియా చేతిలో ఓడిపోయింది. ఈ ప్రయాణంలో డిపోర్టివో లా కొరూన్యా జట్టుపై ఫెర్డినాండ్ ఒక గోలు కూడా చేశాడు. అయితే ఈ జట్టును నిలుపుకోవడానికి క్లబ్బు భారీగా అప్పులు చేసింది. మైదానానికి రాబోయే సంవత్సరాలలో వచ్చే టికెట్ల ఆదాయాన్ని హామీగా చూపి 6 కోట్ల పౌండ్ల రుణం తీసుకున్నది. ఏటా ఛాంపియన్స్ లీగ్‌లో ఆడితేనే ఈ లెక్క కుదురుతుంది. కాని 2000-01లో ప్రీమియర్ లీగ్‌లో 4వ స్థానం, 2001-02లో 5వ స్థానం మాత్రమే దక్కడంతో రెండుసార్లూ ఆ అవకాశం చేజారింది. మొదటిసారి తేడా ఒకే ఒక్క పాయింటు. 2002 జూన్‌లో ఓలియరీని తొలగించి, ఆ తరువాత టెర్రీ వెనబుల్స్‌ను మేనేజరుగా నియమించారు.

మాంచెస్టర్ యునైటెడ్ పరిస్థితి వేరు. 2001 ఆగస్టులో ఆ క్లబ్బు తన ప్రధాన రక్షకుడు యాప్ స్టామ్‌ను ఇటలీలోని లాజియోకు అమ్మి, అతడి స్థానంలో 35 ఏళ్ళ లారెంట్ బ్లాంక్‌ను తెచ్చుకున్నది. 2001-02 లీగ్‌లో 45 గోల్సు సమర్పించుకొని 3వ స్థానంతో సరిపెట్టుకున్నది. మేనేజరు అలెక్స్ ఫెర్గూసన్‌కు దీర్ఘకాలం ఆడగల రక్షకుడు అవసరమయ్యాడు. అదే వేసవిలో జరిగిన ప్రపంచ కప్పులో ఇంగ్లాండు ఐదు ఆటలలో మూడు గోల్సు మాత్రమే ఇచ్చింది. ఆ జట్టు రక్షణకు మూలస్తంభంగా నిలిచిన ఫెర్డినాండ్ విలువ మరింత పెరిగింది.

ఒప్పందము

2002 జూలై 22న ఫెర్డినాండ్ మాంచెస్టర్ యునైటెడ్‌తో ఐదేళ్ళ ఒప్పందంపై సంతకం చేశాడు. రుసుమును వేర్వేరు చోట్ల 2.9 కోట్ల నుండి 3.3 కోట్ల పౌండ్ల వరకు వేర్వేరుగా పేర్కొంటారు. తొలుత ఇచ్చే మొత్తం, జట్టు విజయాలను బట్టి తరువాత ఇచ్చే మొత్తం, మధ్యవర్తుల ఖర్చులు వీటిలో దేనిని కలిపారన్న దానిని బట్టి అంకె మారుతుంది. అభిమానుల వాదనలలో ఒకరి అంకె మరొకరి అంకెతో కలవకపోవడానికి కారణం ఇదే. ఏ లెక్కన చూసినా, ఇరవై నెలల క్రితం 1.8 కోట్లకు కొన్న ఆటగాడిపై లీడ్స్‌కు ఒక కోటికి పైగా పౌండ్లు లాభం వచ్చింది.

రెండు క్లబ్బుల వైరము

ఈ బదిలీ వేరే క్లబ్బుల మధ్య జరిగి ఉంటే ఇంత వివాదం కాకపోవును. లీడ్స్ నగరం యార్క్‌షైర్ ప్రాంతానిది. మాంచెస్టర్ చారిత్రకంగా లాంకషైర్‌కు చెందినది. ఈ రెండు ప్రాంతాల పోటీని 15వ శతాబ్దంలో యార్క్, లాంకాస్టర్ రాజవంశాల మధ్య జరిగిన గులాబీల యుద్ధాలతో ముడిపెట్టడం అక్కడ పరిపాటి. యార్క్‌షైర్ గుర్తు తెల్ల గులాబీ, లాంకషైర్ గుర్తు ఎర్ర గులాబీ.

లీడ్స్ అభిమానులకు ఇటువంటి గాయాలు పాతవే. 1978లో జో జోర్డాన్, గోర్డన్ మెక్‌క్వీన్ కొద్ది వారాల తేడాతో మాంచెస్టర్‌కు వెళ్ళారు. వీరిలో మెక్‌క్వీన్ కూడా రక్షక ఆటగాడే. 1991-92లో లీడ్స్ లీగ్ విజేతగా నిలవడంలో పాలుపంచుకున్న ఎరిక్ కాంటొనా 1992 నవంబరులో 12 లక్షల పౌండ్లకే మాంచెస్టర్‌కు మారి, అక్కడ వరుస విజయాలకు కారకుడయ్యాడు. ఆ అమ్మకంలో లీడ్స్ తక్కువ ధరకు మోసపోయిందన్న భావన వారిలో పదేళ్ళ తరువాత కూడా పోలేదు.

అభిమానుల వాదనలు

రక్షకుడి విలువ: గోల్సు చేసేవారికే పెద్ద మొత్తాలు ఇవ్వాలన్నది పాత అభిప్రాయం. దాడి ఆటగాడి పనిని గోల్సుతో లెక్కించవచ్చు. రక్షకుడు ఆపిన గోల్సు ఏ పట్టికలోనూ కనిపించవు. పైగా రక్షణ నలుగురైదుగురు కలిసి చేసే పని కనుక ఒక్కడికే ఇంత ధర కట్టడం తగదని కొందరు వాదించారు. లీగ్ అనేది 38 ఆటల పరీక్ష అనీ, ఒక గోలు ఆపడం కూడా ఒక గోలు చేసినంత విలువైనదేననీ, రక్షకులు ముప్ఫై ఏళ్ళు దాటినా ఆడగలరు కనుక పెట్టుబడి ఎక్కువ కాలం పనిచేస్తుందనీ ఇతరులు బదులిచ్చారు.

మాంచెస్టర్ వైపు అనుమానాలు: ఆ క్లబ్బు అంతకు ముందు వేసవిలోనే హువాన్ సెబాస్టియన్ వెరోన్ కొరకు 2.8 కోట్ల పౌండ్లు వెచ్చించింది. అతడు ఆశించినంతగా రాణించలేదు. వరుసగా రెండవ ఏడాది ఇంత ఖర్చు పెట్టడం సాహసమని అభిమానులలో కొందరు భావించారు.

లీడ్స్ వైపు చీలిక: అప్పు తీరడానికి ఒక్క ఆటగాడిని అమ్మితే మిగిలిన జట్టు నిలుస్తుందని కొందరు సమర్థించుకున్నారు. జట్టు బలహీనపడితే ఛాంపియన్స్ లీగ్ ఆదాయం ఇక రాదు కనుక ఈ అమ్మకం అప్పును పెంచుతుందే గాని తగ్గించదని మరికొందరు అన్నారు. సారథి అయిన ఆటగాడే ప్రత్యర్థి వద్దకు వెళ్ళడాన్ని ద్రోహంగా భావించినవారు చాలామంది. అమ్మక తప్పని స్థితికి క్లబ్బును తెచ్చిన యాజమాన్యాన్ని వదిలి ఆటగాడిని నిందించడం సరికాదన్నది ఇంకొక వాదన.

తరువాతి పరిణామాలు

2002 సెప్టెంబరు 14న ఎల్లండ్ రోడ్ మైదానంలో రెండు జట్లు తలపడ్డాయి. తమ పాత సారథిని లీడ్స్ ప్రేక్షకులు ఎగతాళి కేకలతో ఎదుర్కొన్నారు. హ్యారీ క్యూయెల్ చేసిన గోలుతో లీడ్స్ 1-0 తేడాతో గెలిచింది. కాని ఆ ఆనందం ఎంతో కాలం నిలువలేదు. రాబీ కీన్, జొనాథన్ వుడ్‌గేట్, రాబీ ఫౌలర్, లీ బౌయర్ ఒకరి తరువాత ఒకరు క్లబ్బును విడిచారు. 2003 మార్చిలో వెనబుల్స్ పదవి కోల్పోయాడు. అదే నెలలో అప్పు దాదాపు 7.9 కోట్ల పౌండ్లని వెల్లడైంది. రిడ్స్‌డేల్ రాజీనామా చేశాడు.

2003 మే 4న ఒక విచిత్రం జరిగింది. లీగ్‌లో కొనసాగడానికి పోరాడుతున్న లీడ్స్, ఆర్సెనల్‌ను వారి సొంత మైదానంలో 3-2 తేడాతో ఓడించింది. దానితో లీడ్స్‌కు ఆ ఏడాది ముప్పు తప్పింది. ఆర్సెనల్ వెనుకబడటంతో లీగ్ విజేత ఎవరో కూడా ఆ ఫలితమే తేల్చింది. ఆ విజేత మాంచెస్టర్ యునైటెడ్. ఫెర్డినాండ్ తన తొలి లీగ్ పతకాన్ని పాత సహచరుల గెలుపు వలన అందుకున్నాడు. ఆ సంవత్సరం మాంచెస్టర్ ఇచ్చిన గోల్సు 45 నుండి 34కు తగ్గాయి.

ముప్పు తప్పింది ఒక్క ఏడాదికే. 2004లో లీడ్స్ ప్రీమియర్ లీగ్ నుండి దిగువ స్థాయికి పడిపోయింది. అలన్ స్మిత్ కూడా అదే వేసవిలో మాంచెస్టర్‌కు మారాడు. ఆ ఏడాదే క్లబ్బు తన ఎల్లండ్ రోడ్ మైదానాన్ని అమ్మి, అద్దెకు తీసుకొని ఆడవలసి వచ్చింది. 2007లో దివాలా పరిష్కార ప్రక్రియలోకి వెళ్ళి మూడవ స్థాయికి దిగజారింది. 2010లో రెండవ స్థాయికి, 2020లో పదహారేళ్ళ తరువాత ప్రీమియర్ లీగ్‌కు తిరిగి వచ్చింది. మైదానాన్ని 2017లో మరల కొనుక్కున్నది. 2023లో మళ్ళీ దిగువకు పడి, 2025లో ప్రీమియర్ లీగ్‌కు అర్హత సాధించింది. స్తోమతకు మించి అప్పు చేసి కూలిపోయే క్లబ్బును "లీడ్స్ దారి పట్టింది" అనే అర్థంలో వర్ణించడం ఇంగ్లాండులో ఒక నానుడిగా స్థిరపడింది.

రుసుము సార్థకమైనదా

ఫెర్డినాండ్ మాంచెస్టర్ జీవితం ఒడిదుడుకులు లేనిది కాదు. 2003 సెప్టెంబరులో మాదకద్రవ్య పరీక్షకు హాజరు కానందుకు ఇతడిపై 8 నెలల నిషేధం, 50,000 పౌండ్ల జరిమానా పడ్డాయి. దీనివలన 2004 ఐరోపా కప్పుకు కూడా దూరమయ్యాడు. ఆడినా ఆడకపోయినా రుసుము రుసుమే కనుక విమర్శకులకు ఇది బలమైన ఆధారమైంది.

తరువాతి దశాబ్దం వారి వాదనను బలహీనపరచింది. ఫెర్డినాండ్ 2014 వరకు మాంచెస్టర్‌లోనే ఉండి 455 ఆటలు ఆడాడు. ఆరుసార్లు ప్రీమియర్ లీగ్ గెలిచాడు. 2008లో మాస్కోలో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనలులో సారథిగా కప్పు అందుకున్నాడు. 3 కోట్ల పౌండ్లను 455 ఆటలకు పంచితే ఒక్కొక్క ఆటకు 66 వేల పౌండ్ల లోపే పడుతుంది. అయితే ఇతడి పక్కన ఆడిన నెమాన్యా విడిచ్‌ను 2006లో అదే క్లబ్బు సుమారు 70 లక్షల పౌండ్లకే తెచ్చుకున్నది. 2007-08లో 22 గోల్సు మాత్రమే ఇచ్చిన రక్షణ వరుసకు ఈ ఇద్దరూ ప్రధానం. ఎక్కువ ధర ఇస్తేనే మంచి రక్షకుడు దొరుకుతాడని ఈ బదిలీ నిరూపించలేదని చెప్పేవారు ఈ పోలికను చూపుతారు.

తరువాతి కాలంలో

రక్షకుల రుసుములు ఆ తరువాత ఎన్నో రెట్లు పెరిగాయి. 2018 జనవరిలో వర్జిల్ వాన్ డైక్ సౌతాంప్టన్ నుండి లివర్‌పూల్‌కు సుమారు 7.5 కోట్ల పౌండ్లకు, 2019 ఆగస్టులో హ్యారీ మగ్వైర్ లెస్టర్ సిటీ నుండి మాంచెస్టర్ యునైటెడ్‌కు సుమారు 8 కోట్ల పౌండ్లకు మారారు. రెండు సందర్భాలలోనూ 2002 నాటి ప్రశ్నలే అభిమానుల మధ్య తిరిగి వినిపించాయి. లివర్‌పూల్ 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ప్రీమియర్ లీగ్ గెలవడంతో వాన్ డైక్ ధరపై విమర్శలు సద్దుమణిగాయి. మగ్వైర్ ధరపై వాదన మాత్రం ఎన్నో ఏళ్ళు కొనసాగింది. ఆటగాడి రుసుము ఎక్కువో తక్కువో సంతకం చేసిన రోజున తేలదనీ, కొన్న జట్టు సాధించిన ఫలితాలతో పాటు అమ్మిన క్లబ్బు ఆ సొమ్మును ఏమి చేసుకున్నదో కూడా చూడాలనీ ఫెర్డినాండ్ బదిలీ చరిత్ర తెలుపుతున్నది.