తూర్పు దేశాల గ్రంథయజ్ఞం



మన షడ్దర్శనాలలో సాంఖ్యం ఒకటి. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలు ఆ దర్శనానికి ఆధారగ్రంథం. ఆ కారికలకు పూర్వం వెలసిన ఒక వ్యాఖ్యానం సంస్కృతంలో మనకు దక్కలేదు. చైనా భాషలో మాత్రం అది నిలిచి ఉన్నది. పండితులు ఎన్. అయ్యాస్వామి శాస్త్రిగారు ఆ చైనా అనువాదాన్ని ముందుంచుకొని, దానిని తిరిగి సంస్కృతంలోకి తెచ్చి, ‘సువర్ణసప్తతి’ అనే పేరుతో సిద్ధం చేయగా, 1944లో తిరుమల తిరుపతి దేవస్థానం వారు ప్రచురించారు. మన ఇంట పుట్టిన బిడ్డ దూరదేశంలో పెరిగి, చివరకు శ్రీనివాసుని పాదాల చెంతకు చేరినట్లయింది.

వైశేషిక దర్శనానికి చెందిన ‘దశపదార్థశాస్త్రం’ కథ కూడా ఇటువంటిదే. దాని మూలం మన దేశంలో లుప్తమైంది. 648లో చైనా భాషలోకి వెళ్లిన అనువాదం మాత్రం మిగిలింది. ఇక బౌద్ధ శాస్త్రగ్రంథాలలో ఈ విధంగా అక్కడనే బ్రతికినవి ఎన్నెన్నో ఉన్నాయి.

పుట్టినచోట పోయిన గ్రంథం పరాయిచోట ఎట్లా నిలిచింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతూ పోతే చైనా, కొరియా, జపాను దేశాల నాగరికతాచరిత్రలో ఒక ముఖ్యమైన భాగం మన కళ్లకు కడుతుంది. మనం నేర్చుకోవలసిన పాఠమూ దొరుకుతుంది.

మొదట ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. భారతదేశం నుండి ధర్మం వెళ్లేనాటికి చైనా శూన్యపాత్ర కాదు. క్రీస్తుపూర్వం 13వ శతాబ్దం నాటికే అక్కడ ఎముకలపైన, తాబేటి చిప్పలపైన అక్షరాలు చెక్కి దేవతలను ప్రశ్నించేవారు. కన్ఫ్యూషియస్ మహాశయుడు క్రీస్తుపూర్వం 551లో జన్మించి, మాతాపితృభక్తిని, రాజధర్మాన్ని, మర్యాదను బోధించాడు. లావోజు పేరిట తావో మార్గం వెలసింది. క్రీస్తుపూర్వం 221లో దేశాన్ని ఏకం చేసిన చిన్ చక్రవర్తి లిపిని కూడా ఏకరూపం చేశాడు. క్రీస్తుశకం 105లో త్సైలున్ అనే అధికారి, అంతకుముందే ఉన్న కాగితం తయారీని మెరుగుపరచి రాజుగారికి నివేదించాడు. అక్షరాన్ని గౌరవించే జాతి, పెద్దల మాటను పదిలపరచుకొనే జాతి అది. ఆ స్వభావమే తరువాతి కథకు పునాది.

క్రీస్తుశకం తొలి శతాబ్దాలలో బౌద్ధధర్మం మధ్యాసియా ఎడారి మార్గాల వెంట చైనాకు చేరింది. అక్కడివారికి తొలుత కొంత సంకోచం కలిగింది. తల్లిదండ్రులను విడిచి సన్యసించడం పితృభక్తికి విరుద్ధం కాదా అని వారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. సమాధానం చెప్పాలంటే గ్రంథాలు కావాలి, గ్రంథాలకు అనువాదకులు కావాలి.

అట్టివారిలో అగ్రగణ్యుడు కుమారజీవుడు. తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజు సోదరి. కూచాను జయించిన సేనాని ఆయనను బందీగా కొనిపోగా, లియాంగ్‌జౌ ప్రాంతంలో దాదాపు 17 ఏండ్లు ఉండిపోవలసి వచ్చింది. ఆ బంధనకాలంలోనే చైనా భాషలో నిష్ణాతుడైనాడు. 401 చివరలో చాంగాన్ నగరం చేరి, రాజపోషణలో వందలాది శిష్యుల నడుమ సద్ధర్మపుండరీకాన్ని, మన నాగార్జునాచార్యుని మాధ్యమిక కారికలను వ్యాఖ్యానంతో సహా చైనా భాషలో పలికించాడు. ఇంత చేసినవాడు అనువాదం గురించి ఏమన్నాడో తెలుసా? ఒకరు నమిలిన అన్నాన్ని మరొకరికి పెట్టడం వంటిదని అన్నాడట. మనం చర్వితచర్వణం అంటాము కదా! తన పని పరిమితి ఎరిగినవాడే ఆ పనిని శ్రద్ధగా చేయగలడు.

సాంఖ్య వ్యాఖ్యానాన్ని అనువదించిన పరమార్థుడు ఉజ్జయిని వాసి. 546లో సముద్రమార్గాన చైనా చేరేసరికి ఆయన వయస్సు నలభై ఏండ్లు దాటింది. రెండేండ్లకే తిరుగుబాటు చెలరేగి, ఆదరించిన రాజ్యం తలక్రిందులైంది. ఊరి నుండి ఊరికి తిరుగుతూనే ఆయన అనువాదం సాగించాడు. స్వదేశానికి పోదామని ఓడ ఎక్కితే ఎదురుగాలి ఆ తీరానికే తిరిగి తోసింది. 568లో నిర్వేదంతో ప్రాణత్యాగానికి సిద్ధపడగా శిష్యులు వారించారు. మరుసటి ఏడు దేహం చాలించాడు. మన చేతికి తిరిగి వచ్చిన సువర్ణసప్తతి వెనుక ఇంతటి తపన ఉన్నది.

ఇక హ్యూయన్‌త్సాంగ్. సరిహద్దు దాటరాదన్న రాజాజ్ఞను అతిక్రమించి 629 ప్రాంతంలో బయలుదేరి, నలందలో శీలభద్రాచార్యుని పాదసన్నిధిలో చదువుకొన్నాడు. దక్షిణాన మన ఆంధ్రదేశానికీ వచ్చాడు. ఇక్కడి భాష మధ్యదేశపు భాషకంటె భిన్నమనీ, లిపి మాత్రం చాలావరకు అటువంటిదే అనీ వ్రాశాడు. ధాన్యకటకంలో సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల వద్ద కొన్ని నెలలు అభిధర్మం నేర్చుకొన్నాడు. వారూ ఆయన వద్ద నేర్చుకొన్నారు. అయితే అప్పటికే ఆ ప్రాంతంలో అనేక విహారాలు నిర్జనమై ఉండడం ఆయన కన్నులారా చూశాడు.

645లో 657 గ్రంథాలను ఇరవై గుర్రాలపై వేయించుకొని చాంగాన్ చేరాడు. సింధునది దాటేవేళ పడవ ఊగి కొన్ని గ్రంథాల మూటలు నీటి పాలైనాయి. ఆ లోటు ఆయనను వదలలేదు. దాదాపు పదేండ్ల తరువాత, 654లో భారతదేశంలోని ఒక ఆచార్యునికి లేఖ వ్రాస్తూ, గురువు శీలభద్రుని నిర్యాణానికి దుఃఖం ప్రకటించి, నదిలో పోయిన గ్రంథాల పట్టిక జతచేసి, వీలైతే పంపవలసిందని ప్రార్థించాడు. పోయిన పుస్తకాన్ని పదేండ్లు గుర్తుంచుకొనడం, అదీ శ్రద్ధ అంటే!

ఆయన 19 సంవత్సరాలలో 75 గ్రంథాలను 1,335 భాగాలుగా అనువదించాడు. వాటిలో మహాప్రజ్ఞాపారమిత ఒక్కటే 600 భాగాలు. ఇంత పెద్ద గ్రంథాన్ని కుదించరాదా అని శిష్యులు విన్నవించారు. ఆయన మొదట సరేనన్నాడు. ఆ రాత్రి భయంకరమైన స్వప్నాలు రాగా, ఒక్క అక్షరమైనా తగ్గించరాదని నిశ్చయించుకొన్నట్లు ఆయన జీవితచరిత్ర చెబుతున్నది. 663లో అది పూర్తయింది. మరుసటి ఏడు ఆయన పరమపదించాడు.

ఆ అనువాదశాల ఒక యజ్ఞశాల వంటిది. యజ్ఞంలో హోత, అధ్వర్యుడు, ఉద్గాత, బ్రహ్మ అని ఋత్విక్కులున్నట్లే అక్కడా పనుల విభజన ఉండేది. మూలం చదివి అర్థం చెప్పేవాడొకడు, అర్థం సరియైనదా అని పరీక్షించేవాడొకడు, వ్రాసుకొనేవాడొకడు, వాక్యం కూర్చేవాడొకడు, శైలి దిద్దేవాడొకడు. అనువదించరాని పదాలు ఐదు విధాలని హ్యూయన్‌త్సాంగ్ నియమం పెట్టినట్లు చెబుతారు. రహస్యమైన మంత్రాలు, అనేకార్థాలు గల ‘భగవాన్’ వంటి పదాలు, చైనాలో లేని జంబూవృక్షం వంటి వస్తువులు, పూర్వులు మూలధ్వనితోనే వాడిన మాటలు, ‘ప్రజ్ఞ’ వలె అనువదిస్తే గాంభీర్యం తగ్గే మాటలు. మంత్రానికి అర్థమెంతో శబ్దమూ అంత అని నమ్మే మనకు ఈ నియమం వేరుగా వివరించనక్కరలేదు.

అనువదించిన దానిని నిలుపుకోవడం రెండవ మెట్టు. 868లో వాంగ్‌జియే అనే గృహస్థు తన తల్లిదండ్రుల పేరిట వజ్రచ్ఛేదిక సూత్రాన్ని చెక్క అచ్చులతో ముద్రించి అందరికీ ఉచితంగా పంచేందుకు ఏర్పాటు చేశాడు. తేదీతో సహా మనకు లభించిన ముద్రిత గ్రంథాలలో సంపూర్ణమైనవాటిలో ఇదే అతి ప్రాచీనం. పితృభక్తికి విరుద్ధమన్న ధర్మమే పితృభక్తికి సాధనమైంది! కన్నవారి పేరిట భక్తిగ్రంథాలు అచ్చువేయించి ఆలయాలలో పంచిపెట్టే మన గృహస్థులు ఈ వాంగ్‌జియేకు సగోత్రులే.

కొరియా కథ మరింత ఉదాత్తం. 11వ శతాబ్దంలో వారు చెక్కించిన త్రిపిటక ఫలకాలు 1232లో మంగోలుల దాడిలో భస్మమైనాయి. రాజు ఒక ద్వీపంలో తలదాచుకొని ఉన్నాడు. అట్టి ఆపత్కాలంలో వారు మళ్లీ మొదటినుండి చెక్కడానికి పూనుకొన్నారు. సుగి అనే భిక్షువు వేర్వేరు ప్రతులను పోల్చి పాఠాలు పరిష్కరించాడు. 1251 నాటికి పని ముగిసింది. ఆ 81,258 ఫలకాలు హైన్‌సా ఆలయంలో నేటికీ భద్రంగా ఉన్నాయి. గాలి ప్రసరణను గమనించి, గోడలకు పైన క్రింద వేర్వేరు కొలతల కిటికీలు పెట్టి 15వ శతాబ్దంలో కట్టిన భవనమే వాటిని కాపాడుతున్నది. 1951లో కొరియా యుద్ధవేళ ఆ ప్రాంతంపై బాంబులు వేయమన్న ఆజ్ఞను కిమ్ యోంగ్‌హ్వాన్ అనే వైమానికాధికారి పాటించలేదు. గ్రంథాన్ని కాపాడినవారిలో ఆయననూ లెక్కించాలి.

జపానులో 752లో నారా నగరపు మహాబుద్ధవిగ్రహానికి నేత్రోన్మీలనం జరిపినది భారతదేశం నుండి వెళ్లిన బోధిసేనుడు. ఆయన పట్టిన కుంచెకు కట్టిన దారాలను సభలోనివారు చేతబట్టి ఆ పుణ్యంలో పాలుపంచుకొన్నారు. సరస్వతి అక్కడ బెంజైతెన్‌గా, లక్ష్మి కిచిజోతెన్‌గా పూజలందుకొంటున్నారు. ‘గోమా’ అనే పేరుతో మన హోమం నేటికీ సాగుతున్నది. జపాను బాలలు నేర్చే వర్ణక్రమం అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై, క, స, త, న, హ, మ, య, ర, వ అని సాగుతుంది. సంస్కృత వర్ణమాలను అధ్యయనం చేసిన భిక్షువుల ద్వారా వచ్చిన వరుస అది. చకారం స్థానంలో సకారం, పకారం స్థానంలో హకారం చదువుకొంటే మన బాలశిక్షే వినిపిస్తుంది.

అక్కడ అంతా సవ్యంగా సాగిందని కాదు. 845లో చైనా చక్రవర్తి ఆజ్ఞతో 4,600 విహారాలు నేలమట్టమైనాయి. 2,60,500 మంది భిక్షువులు, భిక్షుణులు గృహస్థులుగా మారవలసి వచ్చింది. అయినా ప్రతులు అనేకచోట్ల ఉండడం వలన, పొరుగుదేశాలకు చేరి ఉండడం వలన గ్రంథం చావలేదు.

మన దేశంలో వేదం గురుముఖంగా, స్వరంతో సహా నిలిచింది. అటువంటి సాధన ప్రపంచంలో అరుదు. కాని శాస్త్రగ్రంథాలకు తాళపత్రమే ఆధారం. మన వాతావరణంలో తాళపత్రం కొన్ని శతాబ్దాలకు మించి నిలవదు. మళ్లీ వ్రాసేవాడు ఉండాలి. దండయాత్రలలో మహావిహారాలు ధ్వంసం కావడం ఒక కారణం. అంతకుముందే ధాన్యకటకం వంటిచోట్ల వ్రాసేవారు లేకపోవడం మరొక కారణం. గ్రంథం నిప్పుతోనే నశించదు, ఉపేక్షతోనూ నశిస్తుంది. మొదటిది శత్రువు చేసేది, రెండవది మనం చేసేది.

కనుక పెద్దలకు నా విన్నపం ఒక్కటే. మీ ఇంటి అటకపైన, పూజామందిరంలో తాతలనాటి తాళపత్రాల కట్ట ఉండవచ్చు. ఏటా సరస్వతీపూజనాడు పసుపుకుంకుమలు పెట్టి, విప్పకుండానే తిరిగి పైన పెడుతున్నాము. పుణ్యమని నదిలో కలిపినవారూ ఉన్నారు. ఆ కట్టను ఒకసారి విప్పించండి, చదవగలవారికి చూపించండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాచ్యపరిశోధన సంస్థ వంటి చోట్ల తాళపత్రాలను భద్రపరుస్తున్నారు. ఈనాడు ఛాయాచిత్రం తీయడం క్షణాల పని. ఒక ప్రతి రెండైతే సగం భయం తీరుతుంది.

ఆనాడు పరమార్థుడు ఎవరి కోసం అనువదించాడో వారి సంతతి మనం కాము. అయినా ఆయన శ్రమఫలం మనకు ముట్టింది. మనం కాపాడిన పుట ఎవరికి ముడుతుందో మనకు తెలియదు. తెలియనక్కరలేదు కూడా. ఫలాన్ని భగవంతునికి విడిచి కర్మ చేయమన్న గీతావాక్యానికి ఇంతకంటె మంచి అనుష్ఠానం మరొకటి కనిపించదు.

స్వస్తి.