గెడ్డ: ఒక ప్రాంతీయ పదం, దాని అర్థం, మూలం, వాక్యబోధలో ఉపయోగం

శ్రీముఖలింగం వంశధార ఎడమ గట్టున ఉన్న గ్రామం. ప్రాచ్య గాంగుల రాజధానియైన కళింగనగరం ఇదేనని చరిత్రకారులు పలువురు గుర్తించారు. ఈ ప్రాంతపు రైతులు వంశధారను ‘ఏరు’ అంటారు. కొండల నుండి దిగి ఏటిలో కలిసే చిన్న ప్రవాహం మాత్రం వారికి ‘గెడ్డ’. తక్కిన జిల్లాలలో దానినే వాగు అంటారు. పాచిపెంట మండలంలోని పెద్దగెడ్డ, విశాఖకు నీరిచ్చే మేహాద్రిగెడ్డ ఈ మాటను నిలిపియున్నవి. వట్టిగెడ్డ అనే పేరు వినగానే వేసవిలో ఎండిన ఇసుక కళ్లకు కడుతుంది.

దీని మూలమేమిటి? తెలుగులో ‘గడ్డ’ అంటే ముద్ద, మిట్టనేల, ఒడ్డు. గెడ్డ దాని నుండి పుట్టిందంటే అర్థం తలక్రిందులవుతుంది. సంస్కృతంలో ‘గర్త’ అంటే గుంట, పల్లం. ప్రాకృతంలో అది ‘గడ్డ’ అయింది. హిందీ ‘గడ్ఢా’ ఆ కుటుంబానిదే. నీరు కోసిన పల్లం పేరే ఆ నీటికీ రావడం సహజం గనుక, గెడ్డను ఈ కుటుంబంలో చేర్చడమే సమంజసమని మేము తలంచుచున్నాము.

1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజ్ ఈ గెడ్డల సీమలోనే తెలుగు సువార్తల అనువాదానికి పూనుకొన్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినవి. నేడు మన చేతిలోనున్న బైబిలులో కెరీతు, కీషోను, కెద్రోను ‘వాగులు’. అది తెలుగువారందరికీ తెలిసిన మాట. అయితే కెద్రోనును ‘నది’ అని బోధించుట మేము పలుమార్లు విన్నాము. అది పొరపాటు. యోహాను 18:1లోని గ్రీకు పదానికి చలికాలపు ప్రవాహమని అర్థం; ఆ దేశంలో వానకాలం అదే. హెబ్రీ ‘నహల్’ కూడ అటువంటిదే. ఏలీయాకు నీరిచ్చి ఎండిపోయినది నహలే, సీసెరా సైన్యాన్ని కొట్టుకొనిపోయినదీ నహలే. యోబు తన స్నేహితులను పోల్చినది కూడ దానితోనే.

గెడ్డ ఎండుట, పొంగుట ఎరిగిన సంఘానికి ఇంతకంటె వ్యాఖ్యానమేల? ఆమోసు 5:24లో దేవుడు కోరిన నీతి ఎన్నడూ ఎండని నహల్. ఏప్రిల్‌లో గెడ్డ ఇసుకలో చెలమ తవ్వుకొనే తల్లికి ఆ మాట బరువు మనకంటె బాగా తెలుసు. ఆమె భాషలో చెప్పుట కాపరి బాధ్యత.