గర్నీ పట్టీ

1967వ సంవత్సరము జూన్ మాసమున ఫ్రాన్సు దేశమందలి ల మాన్ పట్టణమున జరిగిన 24 గంటల పందెమునందు విజయము గాంచిన ఎఱ్ఱని ఫోర్డు కారు ఛాయాచిత్రములను పరికించి చూచినవారికి, చాలకుని శిరస్సునకు సరిగా పైభాగమున, కప్పు మీద ఒక చిన్న బొడిపె కనబడును. ఆ కారునకు పూర్వరూపమైన జీటీ40 పేరులోని సంఖ్య, వాహనము నేలనుండి 40 అంగుళముల ఎత్తు మాత్రమే యుండుటను సూచించునది. ఇంత కుఱుచయైన వాహనమును నడుపవలసిన డాన్ గర్నీ యను అమెరికా దేశీయుడు ఆఱడుగులకు పైబడిన పొడగరి. శిరస్త్రాణము ధరించి లోపల కూర్చుండుటయే అతనికి దుర్భరమయ్యెను. కప్పునంతటిని ఎత్తినచో గాలికెదురగు ముఖము పెరిగి, మూల్సాన్ అను సుదీర్ఘ సరళమార్గమున వేగము తగ్గును. తల పట్టునంత మేర మాత్రమే ఎత్తినచో నష్టము స్వల్పము. అందువలన ఆ బొడిపె పుట్టెను. గర్నీయు, అతని సహచాలకుడు ఎ. జె. ఫోయిట్టును ఆ పందెమున 5,200 కిలోమీటర్లకు పైగా పరుగెత్తి గెలిచిరి. మరుసటి ఆదివారమే గర్నీ, తన సంస్థ నిర్మించిన ఈగిల్ కారులో, బెల్జియము దేశపు గ్రాండ్ ప్రీని కూడ గెలుచుకొనెను.

చాలకుని దేహము పడు ఇబ్బందిని యంత్రనిర్మాతలు శ్రద్ధగా విని, దానికి తగినంత మార్పును మాత్రమే చేయుట ఎట్టి ఫలమునిచ్చునో ఆ బొడిపె చాటుచున్నది. అదే శ్రద్ధ నాలుగేండ్లకు, అంతకంటెను చిన్నదైన మఱియొక వస్తువునకు జన్మమిచ్చెను.

పందెపు కారుల నిర్మాతలు చిరకాలము గాలిని విరోధిగానే భావించి, దానిని చీల్చుకొనిపోవు ఆకృతికై పాటుపడిరి. విమానపు రెక్కను తలక్రిందులు చేసి అమర్చినచో, అది కారును పైకెత్తుటకు మారుగా నేలకు అదిమిపట్టి, మలుపులలో చక్రములకు పట్టునిచ్చునను సత్యమును 1966లో జిమ్ హాల్ నిర్మించిన చాపరల్ కారు లోకమునకు స్పష్టముగా చూపెను. 1968లో ఫార్ములా వన్ కారులకును రెక్కలు వచ్చెను. సన్నని కంబములమీద అవి నానాటికి ఎత్తుగా లేచెను. 1969 మే నెలలో బార్సిలోనాయందలి మోంజూయిక్ వీథులలో గ్రాహమ్ హిల్, యోఖెన్ రింట్ అను ఇరువురి లోటస్ కారుల రెక్కలు విఱిగి ఘోరప్రమాదములు జరుగగా, అటుపిమ్మట వచ్చిన మొనాకో పందెముననే అధికారులు ఎత్తైన రెక్కలను నిషేధించిరి. తరువాత రెక్కలు కట్టుదిట్టమైన కొలతలకు లోబడి తిరిగివచ్చెను. కొలత హద్దులో చిక్కిన రెక్కనుండి హెచ్చుబలమును రాబట్టుట యెట్లనునదే అప్పటినుండి నిర్మాతల ముందున్న సమస్య.

1971లో అరిజోనా రాష్ట్రమందలి ఫీనిక్స్ పందెపుబాటమీద గర్నీ బృందము తమ కారును పరీక్షించుచుండెను. అప్పటికి గర్నీ నడుపుట మానుకొని యజమానిగా నుండెను. చాలకుడు బాబీ అన్సర్. ఎన్ని మార్పులు చేసినను వేగము పెరుగలేదు. విసిగిన అన్సర్, ఏదైన ఉపాయము చెప్పుమని గర్నీనే అడిగెను. పూర్వము స్పోర్ట్స్ కారుల వెనుకభాగమున నిలువుగా నమర్చిన రేకులు ఎట్లు పనిచేసెనో గర్నీకి స్ఫురించెను. అల్యూమినియపు రేకును లంబకోణముగా వంచి, వెనుక రెక్క చివరి అంచున, ఇంటి గడపవలె నిలుచునట్లు రివెట్లతో బిగింపించెను. ఇది గంటలోపు పని.

అన్సర్ కొన్ని చుట్లు తిరిగివచ్చెను. గడియారము చూచినవారికి ఏ మేలును కనబడలేదు. ఆ సంఖ్యనే ప్రమాణముగా గొన్నచో ఆ రేకు ఆనాడే చెత్తబుట్టలో పడియుండెడిది. కాని అన్సర్ గర్నీని చాటునకు పిలిచి, వెనుకభాగము నేలకు ఎంత గట్టిగా అతుకుకొనియున్నదనగా, ముందు చక్రములు దానికి సాటిరాలేక మలుపులో కారు వెలుపలికి జారిపోవుచున్నదని చెప్పెను. గడియారము చెప్పలేని మాటను చాలకుని దేహము చెప్పినది. లోపము రేకుది కాదు, ముందురెక్కల బలహీనతది. వానిని సరిచేయగా కారు స్వభావమే మాఱిపోయెను.

ఆ రహస్యమును వారు కొంతకాలము కాపాడుకొనిరి. ఈ రేకు దేనికని ప్రత్యర్థులడిగినచో, కారును నెట్టునప్పుడు పనివారి చేతులు కోసికొనకుండుటకని బదులు చెప్పెడివారు. ఆ మాట నమ్మినవారును కలరు; అనుకరింపబూని దానిని క్రిందివైపునకు తిప్పి బిగించుకొన్నవారును కలరు.

ఆ రేకు పనితీరునకు కారణమును శాస్త్రము తరువాత కనుగొనెను. డగ్లస్ విమాననిర్మాణ సంస్థకు చెందిన రాబర్ట్ లీబెక్, రెక్క వెడల్పులో 1.25 శాతము మాత్రమే ఎత్తుగల అట్టి రేకుపట్టీనమర్చి పరీక్షింపగా, బలము పెరుగుటయేగాక వాయునిరోధము కొంచెము తగ్గుటయు గానవచ్చెను. పట్టీ వెనుక పరస్పరము విరుద్ధదిశలలో తిరుగు రెండు చిన్న సుడులు ఏర్పడి, రెక్కను విడిచిపోజూచు ప్రవాహమును మఱికొంత దూరము అంటిపెట్టుకొని యుండునట్లు చేయునని ఆయన ఊహించెను. ఇట్టి భావమే విమాననిర్మాతల పత్రములలో 1930ల ఆరంభమునాటికే యుండెను. ఐనను అది తెలియకయే, బాట ప్రక్కన, చేతికందిన రేకుతో పునఃసృష్టించిన గర్నీ ప్రతిభకు దానివలన కొఱత లేదు.

1972లో ఇండియానాపొలిస్ పందెపు అర్హతాపరీక్షయందు అన్సర్ గంటకు 195.940 మైళ్ల వేగముతో ప్రథమస్థానమును గైకొనెను. క్రిందటి యేడు ఆ స్థానమును పొందినవాని వేగము 178.696 మైళ్లు. 1972లో నియమములు సడలి పెద్దరెక్కలకు అనుమతి లభించుటయే ఈ పెరుగుదలకు ముఖ్యకారణము గాన, ఘనతనంతటిని పట్టీకే కట్టబెట్టుట న్యాయము కాదు. అసలు పందెమున యంత్రము చెడి అన్సర్ ముందే వైదొలగవలసివచ్చెను. 1975లో మాత్రము ఆ పందెమునే ఈగిల్ కారుతో గెలిచెను.

నేడు పందెపు కారుల రెక్కల అంచులనేగాక, కొన్ని హెలికాప్టర్ల తోకలయందును ఆ పట్టీ కలదు. లోకము దానిని గర్నీ ఫ్లాప్ అని పిలుచుచున్నది. పేరు సముచితమే, కాని గడియారమును కాదని తన అనుభవమును నిక్కముగా పలికిన అన్సర్ లేనిచో అది ఒక్కపూటలో మఱుగునపడెడిది. దాని చరిత్ర వ్రాయువారు ఆ రెండవ పేరును గూడ చేర్చి వ్రాయవలెను.