జీతం బాకీ కింద టీమ్‌నే తీసుకున్న ఆటగాడు.. మళ్ళీ మంచు మీదకు: మారియో లెమ్యూ కథ

కెనడాకు చెందిన ఐస్ హాకీ స్టార్ మారియో లెమ్యూ 1997లో రిటైర్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు 31 ఏళ్ళే. మూడున్నరేళ్ళ తర్వాత, 2000 డిసెంబర్ 27న, మళ్ళీ స్కేట్లు కట్టుకుని ఆటలోకి దిగారు. ఈ మధ్యలో ఆయన తన పాత టీమ్‌కు ఓనర్ కూడా అయ్యారు. రిటైరై తిరిగొచ్చిన ఆటగాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. కానీ దివాలా తీసిన టీమ్‌ను తనకు రావాల్సిన జీతంతోనే నిలబెట్టి, ఆ తర్వాత అదే టీమ్ జెర్సీ వేసుకుని ఆడినవాళ్ళు దొరకడం కష్టం.

ఆట గురించి రెండు మాటలు

మన దగ్గర హాకీ అంటే మైదానంలో బంతితో ఆడేది. ఐస్ హాకీని గడ్డకట్టిన మంచు మీద స్కేట్లు వేసుకుని ఆడతారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది, దాన్ని పక్ అంటారు. గోల్‌కీపర్‌తో కలిపి ఒక్కో జట్టు నుంచి ఆరుగురు బరిలో ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు భాగాలుగా మ్యాచ్ జరుగుతుంది. మన దేశంలో చలికాలంలో లద్దాఖ్‌లో ఈ ఆట ఆడతారు.

గోల్ కొట్టినవాళ్ళకు ఒక పాయింట్, ఆ గోల్‌కు పాస్ అందించినవాళ్ళకు కూడా ఒక పాయింట్ ఇస్తారు. ఆటగాడి స్థాయిని ఎక్కువగా ఈ పాయింట్లతోనే లెక్కిస్తారు. అమెరికా, కెనడా టీమ్‌లు ఆడే నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) ఈ ఆటలో అన్నింటికన్నా పెద్ద లీగ్. దాని విజేతకు స్టాన్లీ కప్ ఇస్తారు.

ఎవరీ లెమ్యూ?

1965 అక్టోబర్ 5న మాంట్రియల్‌లో ఫ్రెంచ్ మాట్లాడే కుటుంబంలో పుట్టారు. ఫ్రెంచ్‌లో ఆ ఇంటిపేరుకు 'అత్యుత్తమం' అనే అర్థం వస్తుంది. 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ టీమ్ కొత్త ఆటగాళ్ళ ఎంపికలో ఆయన్ను మొట్టమొదటి పేరుగా తీసుకుంది. తొలి మ్యాచ్‌లో కొట్టిన తొలి షాట్‌తోనే గోల్ చేశారు. అంతకుముందు అట్టడుగున ఉన్న ఆ టీమ్‌ను 1991, 1992లో వరుసగా రెండుసార్లు స్టాన్లీ కప్ విజేతగా నిలబెట్టారు.

జబ్బుతో పోరాటం

1990లో ఆయన వెన్నుకు ఆపరేషన్ జరిగింది. ఆ నొప్పి ఆయన్ను ఏళ్ళ తరబడి వదల్లేదు. 1993 జనవరిలో ఇంకో పిడుగు పడింది. హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్ వచ్చిందని తేలింది. శరీరంలోని లింఫ్ గ్రంథులకు వచ్చే జబ్బు ఇది. తొందరగా కనిపెడితే నయమయ్యే అవకాశాలు బాగా ఉంటాయి.

రెండు నెలల పాటు ఆటకు దూరమై రేడియేషన్ చికిత్స తీసుకున్నారు. మార్చి 2న చివరి విడత చికిత్స పూర్తయింది. అదే రోజు విమానంలో ఫిలడెల్ఫియా వెళ్ళి, సాయంత్రం మ్యాచ్ ఆడి ఒక గోల్, ఒక పాస్ నమోదు చేశారు. ఆయన తిరిగొచ్చేసరికి పాయింట్ల పట్టికలో ముందున్న ఆటగాడి కన్నా 12 పాయింట్లు వెనకబడి ఉన్నారు. సీజన్ ముగిసేసరికి అదే ఆటగాడి కన్నా 12 ఎక్కువతో, మొత్తం 160 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచారు.

కానీ శరీరం అలసిపోయింది. 1994-95 సీజన్ మొత్తం విశ్రాంతి తీసుకున్నారు. మళ్ళీ వచ్చి రెండు సీజన్లు ఆడి, 1997లో వెళ్ళిపోయారు. నైపుణ్యం ఉన్నవాళ్ళను కర్రలతో, చేతులతో పట్టి ఆపేసే పద్ధతిని లీగ్ చూసీచూడనట్టు వదిలేస్తోందన్న అసంతృప్తి కూడా ఆయనకు ఉండేది. మామూలుగా మూడేళ్ళు ఆగాల్సిన హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవాన్ని ఆయనకు అదే ఏడాది ఇచ్చారు. ఆయన 66 నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా స్టేడియం పైకప్పుకు వేలాడదీశారు.

బాకీ వాటాగా మారింది

1998 నవంబర్‌లో పెంగ్విన్స్ క్లబ్ దివాలా పిటిషన్ వేసింది. లెమ్యూ జీతంలో కొంత భాగాన్ని తర్వాతి ఏళ్ళలో ఇస్తామని క్లబ్ ఒప్పుకుని ఉంది. అలా ఆయనకు రావాల్సింది 3 కోట్ల డాలర్లకు పైమాటే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. దివాలా కేసుల్లో తాకట్టు పెట్టుకుని అప్పిచ్చినవాళ్ళకు ముందు దక్కుతుంది. తాకట్టు లేనివాళ్ళు వెనక వరుసలో ఉంటారు. వాళ్ళకు చివరికి రూపాయికి పావలా వచ్చినా వచ్చినట్టే. తాకట్టు లేని బాకీదార్లలో అందరికన్నా పెద్ద మొత్తం రావాల్సింది లెమ్యూకే. పైగా టీమ్ ఊరు వదిలి పోవడమో, మూతపడటమో జరిగేలా ఉంది.

అప్పుడాయన ఒక ప్లాన్ ముందుకు తెచ్చారు. రావాల్సిన బాకీలో చాలా భాగాన్ని క్లబ్‌లో వాటాగా మార్చుకుంటానన్నారు. ఇంకొందరు పెట్టుబడిదార్లను కూడగట్టారు. బజార్లో బాకీ వసూలు కాకపోతే దుకాణంలో వాటా రాయించుకున్నట్టే ఇది. దుకాణం నడిస్తే లాభం, మునిగితే అసలు కూడా పోతుంది. 1999లో కోర్టు ఈ ప్లాన్‌కు ఒప్పుకుంది. సెప్టెంబర్‌లో క్లబ్ ఆయన చేతికి వచ్చింది.

డిసెంబర్ 27, 2000

ఓనర్‌గా ఆఫీసులో కూర్చున్న మనిషి మళ్ళీ ఎందుకు ఆడాలనుకున్నారు? ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి ఇంటికి సంబంధించింది. అప్పటికి కొడుక్కి నాలుగేళ్ళు. నాన్న ఆడుతుంటే చూసిన జ్ఞాపకమే ఆ పిల్లవాడికి లేదు. విశ్రాంతితో వెన్ను నొప్పి కూడా నెమ్మదించింది. స్టార్ ఆడితే టికెట్లు అమ్ముడుపోతాయి, క్లబ్‌కూ అది మేలే.

ఆ రాత్రి టొరంటో మేపుల్ లీఫ్స్‌తో సొంతగడ్డ మీద మ్యాచ్. మొదలయ్యే ముందు పైకప్పు నుంచి 66 నంబర్ బ్యానర్‌ను కిందికి దించారు. ఆట మొదలైన 33 సెకన్లకే ఆయన పాస్‌తో సహచరుడు యరోమిర్ యాగర్ గోల్ కొట్టాడు. తర్వాత లెమ్యూ తానూ ఒక గోల్ వేశారు. మొత్తం మూడు పాయింట్లు సాధించారు. పెంగ్విన్స్ 5-0తో గెలిచింది.

సగం సీజన్ అయిపోయాక వచ్చినా 43 మ్యాచ్‌ల్లో 35 గోల్స్, 41 పాస్‌లతో 76 పాయింట్లు చేశారు. మ్యాచ్‌కు సగటున చూస్తే ఆ సీజన్‌లో ఆయనే టాప్. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్ళాక కూడా ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడినవాళ్ళు అంతకుముందు ఇద్దరే: గోర్డీ హోవ్, గీ లఫ్లూర్.

ఆ తర్వాత

2002 సాల్ట్ లేక్ సిటీ వింటర్ ఒలింపిక్స్‌లో ఆయన కెప్టెన్సీలో కెనడా పురుషుల జట్టు 50 ఏళ్ళ తర్వాత బంగారు పతకం గెలిచింది. ఫైనల్లో అమెరికాను 5-2తో ఓడించింది.

అయితే గాయాలు మళ్ళీ తిరగబెట్టాయి. కొన్ని సీజన్లలో సగం మ్యాచ్‌లు కూడా ఆడలేకపోయారు. 2005లో క్లబ్‌లోకి వచ్చిన 18 ఏళ్ళ సిడ్నీ క్రాస్బీకి తన ఇంట్లోనే చోటిచ్చారు. ఆ సీజన్‌లో ఇద్దరూ కలిసి ఆడారు. ఇంతలో గుండె సరిగా కొట్టుకోని సమస్య బయటపడింది. ఈసారి లెమ్యూ పట్టుబట్టలేదు. 2006 జనవరి 24న, 40 ఏళ్ళ వయసులో, పూర్తిగా తప్పుకున్నారు.

క్లబ్ మాత్రం పిట్స్‌బర్గ్‌లోనే ఉండిపోయింది. 2010లో కొత్త స్టేడియం వచ్చింది. క్రాస్బీ కెప్టెన్సీలో 2009, 2016, 2017లో మళ్ళీ స్టాన్లీ కప్ గెలిచింది. ఆటగాడిగానూ, ఓనర్‌గానూ ఆ కప్ అందుకున్న వ్యక్తి లెమ్యూ. జబ్బు బయటపడిన 1993లోనే ఆయన పేరుతో మొదలైన ఫౌండేషన్ క్యాన్సర్ పరిశోధనకు సాయం చేస్తూ వస్తోంది.

ఒక్క చూపులో

పుట్టింది: 1965, మాంట్రియల్
ఆడిన టీమ్: పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఒక్కటే
ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు: 915
గోల్స్: 690
పాస్‌లు: 1,033
మొత్తం పాయింట్లు: 1,723
స్టాన్లీ కప్‌లు: ఆటగాడిగా 2, ఓనర్‌గా 3
మొదటి రిటైర్మెంట్: 1997
తిరిగి రాక: 2000 డిసెంబర్ 27
చివరి రిటైర్మెంట్: 2006 జనవరి 24